పెద్దత్త మెడలో గడ్డ, మా పాప చెవిలో కాలువ

"మీ ఇళ్ళలో ఎవరికైనా మెడ ముందు గడ్డలాంటిది ఉందామ్మా?"

పాప చెవి సీటీ స్కాన్ ఫిల్ముని లైటు పెట్టె మీద పెట్టి చూస్తూ డాక్టరు గారు అడిగిన ప్రశ్న ఇది. మేం వెళ్ళింది చెవి కోసం. మెడ సంగతి ఎందుకడుగుతున్నారో అర్థం కాక నేను బావ వైపు చూశాను. బావ అప్పటికే నా వైపు చూస్తున్నాడు. ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది, పెద్దత్త.

పెద్దత్త మా నాన్నకి పెద్దక్క. మా అత్తగారికీ అక్కే. మాది మేనరికం. మా నాన్న చెల్లెలి కొడుకునే నేను చేసుకున్నాను. మా నాయనమ్మా తాతయ్యలది కూడా మేనరికమే. తణుకు దగ్గర మా ఊళ్ళో మా తరం దాకా అది అడగాల్సిన విషయం కూడా కాదు.

పెద్దత్తకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. మాటలు రాలేదు. బడికి పంపలేదు, పెళ్ళి చేయలేదు. పిల్లలమంతా ఆమెని మూగత్త అనేవాళ్ళం. ఎదురుగా నిలబడే అనేవాళ్ళం, ఎలాగూ వినపడదు కదా అని. ఇప్పుడీ మాట రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మెడ ముందు నిమ్మకాయంత గడ్డ ఉండేది. నా పెళ్ళినాటికి అది బత్తాయంత అయింది. బయటివాళ్ళు ఎవరైనా వస్తే పైట కొంగు మెడ చుట్టూ తిప్పుకుని కప్పుకునేది. ఉప్పులో అయోడిన్ లేకపోతే అలా వస్తుందని ఎవరో చెబితే నాయనమ్మ ప్యాకెట్ ఉప్పు తెప్పించింది. గడ్డ తగ్గలేదు. చెవుడు ఒక కష్టం, గడ్డ ఇంకో కష్టం, రెండూ పాపం ఆమెకే వచ్చాయి అనుకున్నాం. ఆ రెండింటికీ సంబంధం ఉందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆమెని చూసిన ఏ డాక్టరూ అడగలేదు.

ఇక పాప సంగతి. 2016లో పుట్టింది. కాన్పు మామూలుగానే అయింది. ఏడాదికి "తాత" అంది. రెండేళ్ళు నిండేసరికి "నాన్న బండి వచ్చింది" అని మూడు మాటలు కలిపి చెప్పేది. మమ్మల్ని మోసం చేసింది ఇదే. చెవుడు ఉన్న పిల్లకి మాటలే రావు, మా పిల్లకి వచ్చాయి, కాబట్టి చెవులు బాగున్నట్టే అనుకున్నాం.

2018 డిసెంబర్‌లో ఒకరోజు అరుగు మీద వేసిన నులక మంచం మీద నుంచి పడింది. పెద్ద ఎత్తేమీ కాదు. తల వెనక చిన్న బొప్పి కట్టింది, అంతే. కానీ ఆ రాత్రంతా వాంతులు చేసుకుంది. రెండు రోజులు నడుస్తుంటే తూలిపోయింది. తలకి స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. అత్త దిష్టి తీసింది. మూడో రోజుకి తూలడం తగ్గింది, మేం ఊపిరి పీల్చుకున్నాం.

వారం పది రోజుల తర్వాత చూస్తే టీవీకి బాగా దగ్గరగా వెళ్ళి కూర్చుంటోంది. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. మళ్ళీ ఒక్కో రోజు చక్కగా పలికేది. ఈ "ఒక్కో రోజు" మమ్మల్ని ఏడాది తిప్పింది. వినపడకపోతే ఏ రోజూ వినపడకూడదు కదా, ఇది మొండితనం అన్నారు ఇంట్లో. నేనూ అన్నాను. ఒకసారి అన్నం దగ్గర పది సార్లు పిలిచినా తిరగలేదని వీపు మీద ఒకటి వేశాను. అది ఏడుస్తూ నా మొహంలోకి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఎందుకు కొట్టానో దానికి తెలియదు. పిలిచానన్న సంగతే తెలియదు.

మాటలు తగ్గిపోవడం మొదలైంది. "స" ముందు పోయింది, తర్వాత "ష". "సైకిల్" అనేది కాస్తా "ఐకిల్" అయింది. దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాం. చెవిలో చూసి, కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. చిన్నపిల్లల్లో ఇది మామూలే, తగ్గిపోతుందన్నారు. నిజానికి చాలామంది పిల్లల్లో అది మామూలే, తగ్గిపోతుంది కూడా. ఎనిమిది నెలలు చుక్కలు, సిరప్‌లు, ముక్కు మందులు వాడాం. తగ్గలేదు. చివరికి కర్ణభేరికి చిన్న గొట్టాలు పెడదాం, ఆపరేషన్ తేదీ ఇస్తాం అన్నారు.

ఆపరేషన్‌కి ముందు వినికిడి పరీక్షలు చేయించుకు రమ్మంటే విజయవాడ వెళ్ళాం. మా కథ మలుపు తిరిగింది ఆ ఆడియాలజిస్ట్ అమ్మాయి దగ్గర. పాతికేళ్ళు ఉంటాయేమో. పాప చేతికి రంగు బిళ్ళలు ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా ఒక బిళ్ళ డబ్బాలో వేయాలని ఆట నేర్పింది. హెడ్‌ఫోన్స్ పెట్టి గాలి ద్వారా ఎంత వినపడుతోందో చూసింది. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం ఆనించి, ఎముక ద్వారా ఎంత వినపడుతోందో చూసింది. మంద్ర శబ్దాల దగ్గర, అంటే డప్పు మోతలాంటి లావు శబ్దాల దగ్గర, ఎముక ద్వారా బాగా వినపడుతోంది, గాలి ద్వారా వినపడడం లేదు. ఇలా తేడా వస్తే మామూలుగా మధ్య చెవిలో లోపం అని అర్థమట. నీరు చేరిందన్న మాటకి ఇది సరిపోతుంది. కానీ ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి కదలికని చూసే ఇంపెడెన్స్ పరీక్ష చేసింది. గ్రాఫ్‌లో చక్కటి కొండలా గీత వచ్చింది. "చూడండమ్మా, కర్ణభేరి మామూలుగా కదులుతోంది. వెనక నీరుంటే ఈ గీత చదునుగా రావాలి. మరి ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో లోపలి చెవిలో చూడాలి. గొట్టాల ఆపరేషన్ ఇప్పుడే చేయించకండి" అంది.

మధ్య చెవి బాగుండి కూడా ఇలాంటి తేడా కనిపిస్తే లోపలి చెవి ఎముకలో ఉండకూడని దారి ఏదో తెరుచుకుని ఉందని అనుమానించాలని తర్వాత తెలిసింది. మంద్ర శబ్దాల శక్తి కొంత ఆ దారిలో జారిపోతుంది. అప్పటికి మాకు ఇవేమీ తెలియవు. ఆపరేషన్ వద్దంది, అది చాలనిపించింది.

నిద్రమందు సిరప్ తాగించి, శబ్దానికి వినికిడి నరం స్పందిస్తోందో లేదో తరంగాల్లో చూసే బెరా పరీక్ష చేశారు. కుడి చెవికి 90 డెసిబెల్స్ పెట్టినా తరంగం రాలేదు. ఎడమ చెవికి 70 దగ్గర వచ్చింది. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అంటే నా గొంతు దానికి దాదాపు చేరడం లేదు. చెవి మెషిన్లు పెట్టించాం. ఎడమ చెవికి బాగానే పనిచేసింది. నెలలో కొన్ని మాటలు తిరిగొచ్చాయి. ఇక ఫర్వాలేదు అనుకుంటుండగానే 2019 నవంబర్‌లో జ్వరం వచ్చింది. నాలుగు రోజుల జ్వరం. తగ్గాక చూస్తే ఎడమ చెవి మెషిన్ ఉన్నా లేనట్టే ఉంది. మళ్ళీ తూలడం, వాంతులు. ఆడియాలజిస్ట్ ఈసారి ఒక్క మాటే చెప్పింది. "వెంటనే చెవి ఎముకకి సీటీ తీయించండి."

అలా చేరాం ఆ లైటు పెట్టె దగ్గరికి.

డాక్టరు గారు చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. లోపలి చెవిలో కాక్లియా అనే భాగం నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మామూలుగా రెండున్నర చుట్లు. "మీ పాపకి ఒకటిన్నరే ఉన్నాయి. లోపల గోడలు పూర్తిగా ఏర్పడలేదు" అన్నారు. గర్భంలో ఉన్నప్పుడే మొదటి నెలల్లో ఇది ఇలా తయారైపోతుందట. చేలగట్ల మీద నత్తగుల్లలు ఏరుకుని పెరిగినదాన్ని నేను. ఆ బొమ్మ వెంటనే అర్థమైంది. చివరి చుట్టు తిరగకుండానే ఆగిపోయిన నత్తగుల్ల.

ఆ పక్కనే ఇంకో గీత గీశారు. లోపలి చెవి నుంచి మెదడు పొర వైపు వెళ్ళే సన్నటి ఎముక కాలువ. దాన్ని వెస్టిబ్యులర్ అక్విడక్ట్ అంటారు. మధ్యలో అది ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉండాలి. మా పాపకి రెండు చెవుల్లోనూ రెండున్నర మిల్లీమీటర్లు దాటి ఉంది. మంద్ర శబ్దాలు జారిపోయే దారి అదే.

"ఆ కాలువని మూసేయలేమా సార్?" అని బావ అడిగాడు. గోదావరి కాలువల కింద వ్యవసాయం చేసేవాడు, బోదె వెడల్పయితే అడ్డం వేయాలనే అనుకుంటాడు. డాక్టరు గారు నవ్వలేదు, చాలా మర్యాదగా చెప్పారు. పూర్వం కొందరు సర్జన్లు అలా ప్రయత్నించారట. మిగిలిన వినికిడి కూడా పోయేసరికి మానేశారట. కాలువ వెడల్పే చెవుడు తెప్పిస్తుందని అప్పట్లో అనుకునేవారు. ఇప్పుడు కాలువ వెడల్పూ చెవుడూ రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన గుర్తులని ఎక్కువమంది భావిస్తున్నారు. ఇలాంటి చెవులు చిన్న దెబ్బకి, జ్వరానికి, ఒత్తిడి మార్పుకి తట్టుకోలేవు. ఒక్కో దెబ్బకి ఒక్కో మెట్టు దిగుతాయి. కొన్నిసార్లు కొంత తిరిగొస్తుంది, కొన్నిసార్లు రాదు.

అంటే మొండితనం కాదు. "ఒక్కో రోజు" వినపడటం నిజమే, ఒక్కో రోజు వినపడకపోవడమూ నిజమే. నేను అక్కడే ఏడ్చేశాను.

ఆ తర్వాతే ఆయన మెడ గురించి అడిగింది. పెద్దత్త గురించి చెప్పగానే ఫైలు మీద ఒక మాట రాసి కింద గీత గీశారు. పెండ్రెడ్ సిండ్రోమ్.

ఇది నేను తర్వాత చదువుకున్న సంగతి. 1896లో ఇంగ్లండ్‌లో వాన్ పెండ్రెడ్ అనే డాక్టరు ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళకి చెవుడూ మెడలో గడ్డా కలిసి ఉండటం గమనించి రాశాడు. కారణమైన జన్యువు దొరికింది మాత్రం 1997లో. దాని పేరు ఎస్‌ఎల్‌సి26ఎ4. అది తయారుచేసే పెండ్రిన్ అనే ప్రొటీన్ కణం గోడలో చిన్న తలుపులా పనిచేస్తుంది. లోపలి చెవిలో ద్రవాల లవణాలు సమతూకంగా ఉండటానికి అది కావాలి. మెడ ముందుండే థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్ చేరాల్సిన చోటికి చేరడానికీ అది కావాలి. ఒకే తలుపు రెండు చోట్ల. అది పాడైతే చెవిలో ఒకటి, మెడలో ఒకటి. పెద్దత్తకి ఉప్పు మార్చినా గడ్డ ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది. అయోడిన్ తినకపోవడం వల్ల వచ్చిన గడ్డ కాదది, తిన్న అయోడిన్ సరిగ్గా వాడుకోలేకపోవడం వల్ల వచ్చింది.

హైదరాబాద్ వెళ్ళి జెనెటిక్స్ డాక్టరుని కలిశాం. (నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. చాలామందికి తెలియదని రాస్తున్నాను.) ఆవిడ పెద్ద కాగితం మీద మా కుటుంబం అంతా గీశారు. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి వలయాలు. దగ్గరి చుట్టరికం పెళ్ళిళ్ళకి రెండు గీతలు వేస్తారు. మా కాగితం మీద రెండు గీతలు రెండు చోట్ల పడ్డాయి. పెద్దత్త వలయాన్నీ పాప వలయాన్నీ పెన్నుతో నల్లగా నింపారు. పైన ఒకటి, కింద ఒకటి. ఆ కాగితాన్ని మా నాన్న చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. "అక్కది కూడా ఇదేనా?" అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

రక్తం ఇచ్చాం. ఆరు వారాలకి రిపోర్టు వచ్చింది. పాపకి ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి) ఒకే మార్పు ఉంది. నాకూ బావకీ ఒక్కో ప్రతిలో ఉంది. ఒక ప్రతి బాగున్నా చాలు కాబట్టి మా ఇద్దరికీ చెవులు బాగున్నాయి. మాకు పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ఇలా రావచ్చు. అప్పటికి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని బయటివాళ్ళు అనేవారు, ఇంట్లో అత్త నోరు విప్పేది కాదు. డాక్టరమ్మ చెప్పిన మాట నన్ను నిలబెట్టింది. "ఇలాంటి లోపాలు కొన్ని ప్రతి మనిషిలోనూ ఉంటాయమ్మా, నాలోనూ ఉంటాయి. బయటి సంబంధం చేసుకుంటే ఒకే లోపం ఇద్దరిలో కలిసే అవకాశం తక్కువ, ఒకే కుటుంబంలో చేసుకుంటే ఎక్కువ. ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ముందుకి ఏం చేయాలో చూద్దాం."

ముందుగా చేసింది పెద్దత్తని విజయవాడ తీసుకెళ్ళడం. ఆమె రానంది. ఆస్పత్రి అనగానే రెండు చేతులూ అడ్డంగా ఊపేసింది. అప్పుడు పాప వెళ్ళి, తన చెవి మెషిన్ తీసి ఆమె అరచేతిలో పెట్టి, తన మెడ పట్టుకుని చూపించి, ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. పెద్దత్త కాసేపు ఆ మెషిన్ వైపు చూసి, లేచి చీర మార్చుకొచ్చింది.

ఆమె టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) చాలా ఎక్కువగా వచ్చింది. అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదు. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకోవడం, మొహం ఉబ్బరం, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునికిపాట్లు, ఇవన్నీ వయసు అనుకున్నాం. పరగడుపున రోజూ ఒక చిన్న మాత్ర. మూడు నెలల్లో మనిషి మారిపోయింది. పెరట్లో బీరపాదుకి పందిరి వేసుకుంది. ఆమెకి అరవై దాటాక తెలిసింది తన జబ్బేమిటో. నలభై ఏళ్ళ ముందు తెలిసి ఉంటే అన్న ఆలోచన నన్నిప్పటికీ వదలదు.

2020 లాక్‌డౌన్ మా పాపకి రెండు రకాలుగా దెబ్బ. దానికి చేయాల్సిన కాక్లియర్ ఇంప్లాంట్ (కాక్లియాలోకి సన్నటి ఎలక్ట్రోడ్ పంపి శబ్దాన్ని నేరుగా వినికిడి నరానికి అందించే పరికరం) ఆపరేషన్ వాయిదా పడింది. పైగా అందరూ మాస్కులు పెట్టుకున్నారు. అప్పటికి అది పెదాలు చూసి సగం మాట పట్టుకునేది. మాస్కు వచ్చాక ఊరంతా దానికి నోరు మూసుకున్నట్టే అయింది. ఇంట్లో మేం ఎవరం మాస్కు పెట్టుకోలేదు, బయటికి పంపలేదు. కుడి చెవిలో వినికిడి మొత్తం పోయింది. ఎడమ చెవి పడుతూ లేస్తూ ఉంది. ఒకసారి పడిపోయినప్పుడు వెంటనే స్టెరాయిడ్ కోర్సు ఇచ్చారు, కొంత తిరిగొచ్చింది.

కాక్లియర్ ఇంప్లాంట్ 2021 ఫిబ్రవరిలో, కుడి చెవికి చేశారు. ఆరోగ్యశ్రీ కింద అయింది. వైకల్యం ఉన్నవాళ్ళకి పరికరాలిచ్చే కేంద్రం వాళ్ళ అడిప్ పథకం కూడా ఉంది. రెండింట్లోనూ వయసు పరిమితి ఉంటుంది. అందుకే చెబుతున్నాను, ఎవరైనా పిల్లల విషయంలో "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అంటే దయచేసి ఆగకండి. కాగితాల కోసం, సంతకాల కోసం బావ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. దాని గురించి ఇంక రాయను, అందరికీ తెలిసిందే.

ఆపరేషన్‌కి ముందు న్యూమోకోకస్ టీకా వేయించారు. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి మెదడు పొర జ్వరం రాకుండా ఇది తప్పనిసరి. ఇలాంటి చెవుల్లో కాక్లియా తెరిచినప్పుడు లోపలి ద్రవం ఊటలా పైకి రావచ్చని సర్జన్ గారు ముందే చెప్పారు. అలాగే వచ్చిందట. ఎలక్ట్రోడ్ చుట్టూ కండ ముక్కలు పెట్టి గట్టిగా మూసి ఆపారట. ముందే తెలుసు కాబట్టి అంతా సిద్ధం చేసుకున్నామన్నారు. ఆ సీటీ లేకుండా, ఆ పేరు తెలియకుండా ఆ బల్ల మీద పడుకోబెట్టి ఉంటే ఎలా ఉండేదో నేను ఆలోచించను.

మూడు వారాలకి స్విచాన్, అంటే పరికరాన్ని మొదటిసారి పనిచేయించడం. వీడియోల్లో చూపించినట్టు నవ్వుతుందేమో అనుకున్నాను. గట్టిగా ఏడ్చి, తల మీద అతుక్కుని ఉండే కాయిల్ పీకి విసిరేసింది. అది మామూలేనట. అక్కణ్ణుంచి అసలు పని మొదలైంది. వారానికి రెండు రోజులు బస్సులో థెరపీకి. మిగతా అయిదు రోజులు ఇంట్లో నేనే థెరపిస్టుని. కుక్కర్ విజిల్ వేస్తే పని ఆపి, చెవి వైపు వేలు చూపించి "విన్నావా?" అనాలి. మిక్సీ, మోటారు, గేటు చప్పుడు, అన్నిటికీ. రోజూ పొద్దున్నే ఆరు శబ్దాలతో పరీక్ష. ఆ, ఈ, ఊ, మ్, స్, ష్. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని నేను అంటే అది తిరిగి అనాలి. ఆ ఆరూ పలికితే ఆ రోజు మాటలన్నీ అందుతాయని ధైర్యం. ఒకటి తప్పితే బ్యాటరీయో, కేబులో, మ్యాపింగో (పరికరం సెట్టింగులు) చూసుకోవాలి. వారంటీ అయిపోయాక కేబుళ్ళు, కాయిళ్ళ ఖర్చు మనదేనని ఇంప్లాంట్‌కి వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకోవాలి.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం పప్పుకి పోపు పెడుతున్నాను. పాప నా వెనక గుమ్మంలో కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. నూనెలో ఆవాలు వేశాను. "అమ్మా, ఏంటది, టిక్ టిక్?" అంది. నేను వెనక్కి తిరిగాను. ఆవాలు చిటపటలాడటం అంత సన్నటి చప్పుడు, అది ఎప్పుడూ విని ఉండదు. పొయ్యి ఆపి, ఎత్తుకుని చూపించి, మళ్ళీ మళ్ళీ ఆవాలు వేశాను. ఆ పూట పోపు నాలుగు సార్లు పెట్టాను. "ఆవాలు" అని నేర్పాను. రాత్రి బావ రాగానే "నాన్నా, ఆవాలు అరిచాయి" అని చెప్పింది.

ఇప్పుడు మూడో తరగతి, మామూలు బడి. ముందు వరసలో కూర్చుంటుంది. కబడ్డీ, కరాటే లేవు. ప్లాస్టిక్ జారుడుబల్ల లేదు, స్థిర విద్యుత్తు వల్ల ఇంప్లాంట్‌కి బయట పెట్టుకునే ప్రాసెసర్ పాడయ్యే ప్రమాదం ఉంది. బండి మీద చిన్న హెల్మెట్ తప్పనిసరి. ఎడమ చెవిలో మిగిలిన కాస్త వినికిడిని కాపాడుకోవడానికి ఇదంతా. మరీ గాజుబొమ్మలా పెంచుతున్నామా అని నాకూ అనిపిస్తుంది. షటిల్ ఆడనిస్తాం, సైకిల్ తొక్కనిస్తాం. ఏడాదికోసారి థైరాయిడ్ రక్తపరీక్ష, మెడ పరీక్ష. గడ్డ సాధారణంగా పదేళ్ళు దాటాకే మొదలవుతుందట, అందుకని ముందునుంచే చూస్తున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. పోయినేడు మా మరిదికి మా చెల్లెలిని చేసుకుందామన్న మాట వచ్చింది. వాళ్ళిద్దరికీ ఇష్టమే. నేను ఒక్కదాన్నే పరీక్ష చేయించాకే అన్నాను. పెద్ద గొడవ అయింది. ఆడపిల్ల రక్తం పరీక్షకి పంపిస్తే రేపు బయట ఎవరైనా చేసుకుంటారా అని అమ్మ ఏడ్చింది. మా చెల్లెలే ముందుకొచ్చి చెయ్యి చాపింది. మరిదికి ఒక ప్రతిలో మార్పు ఉంది, చెల్లెలికి లేదు. కాబట్టి వాళ్ళ పిల్లలకి ఈ జబ్బు వచ్చే భయం లేదు. మిగతా లోపాల సంగతి ఈ ఒక్క పరీక్ష చెప్పదని కూడా డాక్టరమ్మ వివరంగా చెప్పారు. అన్నీ విని, ఆలోచించుకునే పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరికీ ఉండి ఉంటే నేను ఏమనేదాన్నో నాకు తెలుసు. వద్దనేదాన్ని.

పొద్దున ఆరున్నరకి మా ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. అరుగు మీద పెద్దత్త మంచినీళ్ళతో మాత్ర వేసుకుంటుంది. ఆమె పక్కన కూర్చుని పాప ఆరు శబ్దాలూ చెబుతుంది. నేను నోటికి అడ్డం పెట్టుకున్న కాగితం పెద్దత్తకి వింతగా ఉండేది. ఇప్పుడు ఆమే వచ్చి నా ఎదురుగా కాగితం పట్టుకుంటుంది. పాప సరిగ్గా చెప్పిందో లేదో నా మొహం చూసి తెలుసుకుంటుంది. ఆరూ అయ్యాక ఆరు వేళ్ళు చూపించి తల ఊపుతుంది.

పెద్దత్తని వెనక నుంచి పిలవకూడదని పాపకి మేం ఎవరం నేర్పలేదు. పెరట్లో ఆమె పని చేసుకుంటుంటే పాదుల చుట్టూ తిరిగి ముందుకెళ్ళి, భుజం మీద మెల్లగా తట్టి, ఆమె తల ఎత్తాక అప్పుడు అంటుంది, "పెద్ద మామ్మా, బడికెళ్ళొస్తా."